వాలు బొద్దక్షరము

తిరువూరు బజారులో ఒకమాఱు నిదానముగా నడచి చూడుడు. ఇబ్రహీంపట్నమునుండి మైలవరము మీదుగా వచ్చి కొత్తగూడెము, భద్రాచలములవైపు సాగిపోవు 30వ నెంబరు జాతీయ రహదారి మన యూరిమీదుగనే పోవుచున్నది. దాని కిరుప్రక్కలను కట్టిన ఫ్లెక్సీలలో పెండ్లి పిలుపులు, పాఠశాలల ప్రకటనలు, మామిడికాయల వర్తకుల బోర్డులు, నాయకుల జన్మదిన శుభాకాంక్షలు, కార్యాలయముల నోటీసులు గలవు. చెప్పు విషయము వేఱు వేఱైనను పెక్కింటిలో అక్షరము మాత్ర మొక్కటే. అది మిక్కిలి లావుగా నుండును. కొనలు గుండ్రముగా నుండును. కుడివైపునకు వ్రాలి, ఎచటికో త్వరపడి పోవుచున్నట్లు కనుపించును. అచ్చుపనివారు తమ పరిభాషలో దీనిని బోల్డు, ఇటాలికు, రౌండెడు, శాన్స్ సెరిఫు అని నాలుగు మాటలతో చెప్పుదురు. మనము దీనిని వాలు బొద్దక్షరమందము.

దేశమున నింకను పెక్కు సమస్యలుండగా అక్షరముల లావు సన్నములను గూర్చి సంపాదకీయ పుటలో వ్రాయవలయునా యని చదువరులలో కొందఱు నవ్వవచ్చును. నేనును మొదట నవ్వినవాడనే. కొంతకాలము క్రిందట ఒక వృద్ధ రైతు నాయొద్దకు వచ్చెను. అతడు తన భూమి సరిహద్దును గూర్చిన అభ్యంతరములను ఒక కార్యాలయమున దాఖలు చేసికొనవలసి యుండెను. గడువు తేదీని ఆ కార్యాలయమువారు ఫ్లెక్సీపై అచ్చొత్తించి గుమ్మము ముందర కట్టించిరి. రైతు దానిని చదువుకొనెను. 8వ తేదీ యని గ్రహించి, ఆనాటి యుదయమే కాగితములతో వచ్చి నిలిచెను. కాని గడువు 6వ తేదీతోనే ముగిసిపోయి యుండెను. నేను పోయి ఆ ఫ్లెక్సీని చూచితిని. అంకె లావై, కొనలు గుండ్రమై, ఒకవైపునకు వ్రాలుటచేత ఆరు అంకె నోరు పూడిపోయి ఎనిమిదియై కూర్చున్నది. కండ్లజోడు తుడుచుకొని, నాలుగడుగులు ముందునకు వేసిన పిమ్మటగాని నేనును తేల్చుకొనజాలకపోతిని. అధికారి మంచివాడు, అర్జీని తీసికొనెను. అయినను ఒక పౌరుని హక్కు ఒక అధికారి మంచితనముపై ఆధారపడవలసి వచ్చినప్పుడు దానిని హక్కనుటకు వీలులేదు. దానికి అనుగ్రహమని పేరు.

ఆనాటినుండి నేను బోర్డులను చదువుటతోపాటు చూచుటయు నేర్చుకొంటిని. చూచినకొలదియు తోచిన విషయములను చదువరుల ముందుంచుచున్నాను.

మన లిపి స్వభావముచేతనే గుండ్రనిది. తాటాకుపై గంటముతో వ్రాయునప్పుడు అడ్డముగా గీచిన తిన్నని గీత ఆకును చీల్చునని, కావున మన పూర్వులు అక్షరములను వంపులు త్రిప్పి వ్రాసిరని పెద్దలు చెప్పుదురు. రోమను అక్షరముల పాదములకును శిరస్సులకును ఉండు చిన్న అడ్డగీతలను సెరిఫులందురు. మన అక్షరములకు అట్టి పాదములు లేవు, తలకట్టు కలదు. కావున గుండ్రని కొనలుగల, సెరిఫులు లేని అక్షరము తెలుగునకు పరాయిది కాదు. గుండ్రదనమునందు దోషము లేదు. దోషము రెండు చోట్ల పుట్టుచున్నది: లావుచేయుటయందు ఒకటి, వాల్చుటయందు మఱియొకటి.

మొదట లావును గూర్చి చెప్పెదను. రోమను పెద్దక్షరము ఒక అంతస్తు ఇల్లువంటిది. తెలుగక్షరము మూడంతస్తుల ఇల్లు. పైన గుడియో, ఏత్వమో, తలకట్టో, నడుమ అక్షరము, క్రింద వత్తు. ఒకే యెత్తులో ఈ మూడింటికిని చోటు చూపవలయును. గోడలు లావైనకొలదియు గదులు ఇరుకగునట్లు, గీత లావైనకొలదియు అక్షరము కడుపులోని తెల్లదనము తఱిగిపోవును. మన లిపిలో పెక్కు భేదములు ఆ తెల్లదనమునందే నిలిచియున్నవి. ‘ర’ కడుపులో చుక్క పెట్టినచో ‘ఠ’ యగును; ఆ చుక్క పూడిపోయినచో పాఠశాల పారశాలయగును. ‘ధ’ కడుపులోని చుక్కయే దానిని ‘థ’గా జేయుచున్నది; అది కనుపింపనిచో కథ కధయై పోవును. ‘ద’కును ‘ధ’కును, ‘ప’కును ‘ఫ’కును, ‘చ’కును ‘ఛ’కును గల భేదము క్రిందనున్న చిన్న గీత మాత్రమే. గుడికిని గుడిదీర్ఘమునకును గల భేదము ఒక చిన్న మెలిక. ఆ మెలిక తెలియనిచో మన యూరి పేరు తిరువూరో తీరువూరో క్రొత్తవాడు చెప్పజాలడు. సన్నని అక్షరమును తీసికొని కంప్యూటరులో ‘బి’ యను మీట నొక్కినంతనే యంత్రము దాని చుట్టును సిరా పూసి లావుచేయుచున్నది. గదులు పెంచవలెనన్న వివేకము యంత్రమునకు లేదు. నిజమైన బొద్దక్షరమును గీయువాడు గీతను లావుచేయుటతోపాటు అక్షరమును వెడల్పుచేయును. లోపలి చుక్కకు చోటిచ్చును. వత్తును కొంత క్రిందికి దింపును.

వాలు సంగతి ఇంతకంటెను చిక్కైనది. అక్షరమును వాల్చి ముద్రించు పద్ధతి ఇటలీ దేశమున పుట్టినది. వెనిసు నగరమున ఆల్డసు మనూషియసు అను ముద్రాపకుడు 1501లో ఆ యక్షరముతో పుస్తకమును వెలువరించెను; దానిని చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. ఇటాలికను పేరునకు మూల మదియే. గమనింపదగినది యేమనగా, వారు నిలువక్షరమును ప్రక్కకు త్రోసి ఇటాలికు చేయలేదు. ఆనాటి పండితులు వడిగా వ్రాయు చేతివ్రాతను చూచి, దానికి వేఱుగా అచ్చులు చెక్కిరి. ఇప్పుడు మన ఫ్లెక్సీలపై జరుగుచున్నది వేఱు. ‘ఐ’ యను మీట నొక్కుదురు. యంత్రము అక్షరమును ప్రక్కకు త్రోయును.

త్రోసినచో ఏమగునో లెక్కవేసి చూడవచ్చును. అక్షరమును పండ్రెండు డిగ్రీలు వాల్చినచో, ప్రతి యైదుపాళ్ళ యెత్తునకును సుమారొక పాలు చొప్పున పైభాగము కుడికి జరుగును. గీటునకు క్రిందనున్న భాగము అదే లెక్కన ఎడమకు జరుగును. రోమను అక్షరములలో గీటునకు క్రిందికి దిగునవి కొన్నియే గనుక వారికి నష్టము కొంచెము. మనకో, అడుగడుగునను వత్తులు గలవు. పైనున్న గుడి జరిగి తరువాతి అక్షరముపై వ్రేలాడును. క్రిందనున్న వత్తు జరిగి ముందటి అక్షరము క్రిందికి పోవును. చదువువాని కంటికి ఆ వత్తు ఎవరిదో తెలియదు. ఇక తలకట్టు మొదటినుండియే కుడివైపునకు ఎగసియుండునది. దానిని మరల వాల్చినచో కుడికొమ్ము సాగి ప్రక్క అక్షరమును పొడుచును, ఎడమకొమ్ము నిలువుగా నిక్కును. గుండ్రని ‘ర’ నలిగిన గ్రుడ్డువలె నగును. ఇన్నియు సరిచేయవలెనన్నచో చేయి తెలిసినవాడు ప్రతి అక్షరమును తిరుగ గీయవలయును, వత్తును మరల కుడికి తెచ్చి దాని యజమాని క్రింద నిలుపవలయును, తలకట్టును కురుచచేయవలయును. తెలుగున వాలక్షరము అసాధ్యమని నా వాదము కాదు. శ్రమపడి చేయవలసినదానిని మీట నొక్కి చేయుచున్నారని మాత్రమే నా యభియోగము.

శ్రమపడి చేసినవారు మనలో లేకపోలేదు. నరసాపురమున 1933లో జన్మించి 2014లో కీర్తిశేషుడైన బాపు చేతివ్రాతను ఎఱుగని తెలుగువాడు అరుదు. ఆయన అక్షరములు నిలువుగీతకు దాసోహమనక ఒయ్యారముగా సాగును. అయినను ఏ యక్షరమును మఱియొక యక్షరమని భ్రమపడము. ఆ వ్రాత పిమ్మట కంప్యూటరు ఫాంటుగా మాఱి శుభలేఖలపై నేటికిని వెలుగుచున్నది. సినిమా పేర్లను గీసిన చిత్రకారులును, మన యూళ్ళలో సుద్దతాడుతో గీటులు కొట్టి గోడలపైని రేకులపైని వ్రాసిన పెయింటర్లును ఈ విద్య నెఱిగినవారే. వారు వాలక్షరము వ్రాయునప్పుడు వత్తు ఎచట పెట్టవలెనో ఎవరును చెప్పనక్కఱ లేకుండెను, కన్నే చెప్పెడిది. ఫ్లెక్సీ యంత్రము వచ్చి వారి చేతిలోని కుంచెను లాగుకొనినది. కుంచెతోపాటు ఆ కన్నును పోగొట్టుకొనుట మనకు గలిగిన నష్టము.

కంప్యూటరు యుగమునను మంచి ప్రయత్నములు జరిగినవి. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన పెక్కు తెలుగు ఫాంటులను సిలికానాంధ్ర సంస్థ లోకమునకు ఉచితముగా నిచ్చినది. రామభద్ర, సురవరము, గిడుగు, మండలి మున్నగు పేర్లతో నున్న ఆ ఫాంటులు మన కవులను, పెద్దలను తలపించుచున్నవి. వానిలో రామభద్ర శీర్షికలకు తగిన బొద్దక్షరము. ముంబయిలోని ఏక్ టైపు అను బృందమువారు ‘బలూ’ అను గుండ్రని బొద్దక్షరమును భారతీయ లిపులు పెక్కింటికి చేయుచు, తెలుగు రూపమునకు ‘తమ్ముడు’ అని పేరిడిరి. దానిని గీసినవారు ఓంకార్ షెండే, మైథిలి శింగ్రే. మన లిపిని వారెంత శ్రద్ధతో గీసిరో ఒక ‘ఠ’ను చూచినచో తెలియును, లోపలి చుక్కకు ఊపిరాడుచున్నది. అయినను ఈ రెండింటికిని చేతితో గీసిన వాలు రూపము లేదు. లేనందుననే యంత్రము త్రోసిన రూపము ఆ చోటిని ఆక్రమించుచున్నది.

ఇచట మన చరిత్రను కొంచెము తలచుకొనవలయును. మొదటి తెలుగు అచ్చుపుస్తకములు జర్మనీ దేశమున హాలే నగరమున 1746 ప్రాంతమున వెలువడినవి. విలియం కేరీ తెలుగు వ్యాకరణము 1814లో వంగదేశమునందలి శ్రీరామపురమున అచ్చయినది. క్యాంబెల్ వ్యాకరణము 1816లో మద్రాసున అచ్చయినది. మన యక్షరములకు మొదట పోత పోసినవారు పరదేశీయులు. వారికి మనము కృతజ్ఞులము. కాని ఆ యచ్చులను చేతబట్టి జాతి హృదయమును పలికించినవారు మనవారు. 1902లో బందరున కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిన ఆంధ్రపత్రిక వెలసినవి. ఆ పత్రికలవారికి అందుబాటులోనున్న అక్షరములు స్వల్పము. పెద్దయక్షరములు మఱియు స్వల్పము. అయినను వారు అక్షరమును అరపించి పాఠకుని పట్టుకొనజూడలేదు, విషయమును పలికించిరి. 1914లో బెజవాడన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినప్పుడు, ఊరూర చదువుగది యుండవలెనని మన పెద్దలు పాటుపడినది చదువ నేర్చినవాడు చదువగలుగుటకే. నేడు అక్షరాస్యుడు తన యూరి కార్యాలయము ముందర నిలిచి, తన భాషలో, తన లిపిలో వ్రాసినదానిని చదువజాలకున్నచో ఆ పాటు ఏమైనట్లు?

ప్రతిపక్షుల వాదములను కూడ విందము. బొద్దుగా, వాలుగా నున్న అక్షరమునందు ఉత్సాహము గలదు, యువకులకు అదియే రుచించునని కొంద ఱందురు. ఒప్పుకొందును. కబడ్డి పందెముల ప్రకటనకు, సినిమా పోస్టరునకు, మామిడిపండ్ల బండికి ఆ యుత్సాహము తగినదే. పండుగనాడు పిల్లవాడు పరుగెత్తినచో ముచ్చటయే. న్యాయస్థానమున సాక్షి పరుగెత్తుచు వాఙ్మూల మిచ్చినచో ముచ్చట కాదు. ఫ్లెక్సీ దుకాణమువాడు ఏమిచేయును, అడిగినవాడు ఇంకను పెద్దదిగా, ఇంకను లావుగా కావలె ననుచున్నాడని మఱికొంద ఱందురు. ఇదియు నిజమే. తెల్లవాఱకముందే కట్టవలసిన ఫ్లెక్సీకి రాత్రి పదిగంటలకు మాటలు తెచ్చియిచ్చు మనము ఆతనిని నిందించుట న్యాయము కాదు. అన్నవస్త్రములు లేనివానికి అక్షరముల సొంపు ఎందులకని యడుగువారును గలరు. వారికి నా జవాబు ఆ వృద్ధ రైతే. అక్షరము చదువరాకపోవుటచేత కలవాడు నష్టపడడు. వానికి చదివిపెట్టు గుమాస్తా యుండును. నష్టపడువాడు లేనివాడే.

ఇతర దేశములవారు ఈ విషయమున నెట్టి శ్రద్ధ వహించిరో ఒక యుదాహరణము చెప్పెదను. ఇంగ్లండున రహదారి బోర్డులను క్రొత్తగా దిద్దుటకు జాక్ కినీరు, మార్గరెట్ కాల్వర్టు అనువారు పూనుకొనిరి. వారి యక్షరములతో కూడిన క్రొత్త బోర్డులు 1965లో అమలులోనికి వచ్చినవి. ఏ యక్షరము మేలో నిర్ణయించుటకు ఒక విమాన మైదానమున మనుష్యులను కూర్చుండబెట్టి, బోర్డులను కారుపై నెక్కించి వారివైపు నడిపించి, ఎంత దూరమున చదువగల్గిరో కొలిచి చూచిరి. తుదకు నిలిచినది తిన్ననిది, సాదాది, నిలువుగా నుండునది. వారి పాలనను వదలించుకొన్నాము, సంతోషము. వారి శ్రద్ధను మాత్రము వదలుకొనవలసిన పనిలేదు.

మన రాష్ట్రమున అధికార భాషా చట్టము 1966లో వచ్చినది. తెలుగునకు ప్రాచీన భాషా ప్రతిపత్తి 2008లో లభించినది. తిరువూరు 2022లో కృష్ణా జిల్లానుండి విడివడి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినప్పుడు ఎన్నో బోర్డులను మార్చవలసి వచ్చినది. ఆ సమయమున, ప్రజలకు చూపు అక్షరము ఎట్లుండవలెనని ఒక చిన్న నియమమైనను చేసికొని యుండినచో ఎంత బాగుండెడిది! తెలుగున వ్రాయవలె నన్నంతమాత్రముచేత చట్టము ఉద్దేశము నెఱవేఱదు. తెలియునట్లు వ్రాసినప్పుడే నెఱవేఱును.

కావున నాలుగు మాటలు సూచించుచున్నాను. మొదటిది: గడువు, తేదీ, రుసుము, మందు, దారి తెలుపు ప్రతి ప్రభుత్వ ప్రకటనయు నిలువక్షరముతో, మధ్యరకపు లావుతో నుండవలయును. తేదీని అంకెలతోపాటు మాటలలోను వ్రాయవలయును. ‘6వ తేదీ, అనగా ఆరవ తేదీ’ యని వ్రాయుటకు అధికమయ్యెడి ఖర్చు లేదు. క్రయ దస్తావేజులో పైకమును అంకెలలోను అక్షరములలోను వ్రాయించు జాతికి ఇది క్రొత్త పాఠము కాదు.

రెండవది: వాలు బొద్దక్షరము కావలసినచోట దానిని వాడుకొందము, కాని యంత్రము త్రోసినదానిని కాక, మనుష్యుడు గీసినదానిని వాడుకొందము. ఇందులకు చట్టము అడ్డురాదు. రామభద్రమును, తమ్ముడును ఓపెన్ ఫాంట్ లైసెన్సు అను నిబంధనపై లోకమునకు ఇచ్చియున్నారు. దాని ప్రకారము ఎవరైనను ఆ యక్షరములను వాడుకొనవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని అదే నిబంధనపై ఇతరులకు పంచవచ్చును. ఫాంటును మాత్రము విడిగా అమ్మరాదు. కావున తిరువూరులోని ఒక కళాశాల విద్యార్థియు, కుంచె మూలపెట్టిన ఒక పెయింటరును కలసి కూర్చున్నచో ‘తమ్ముని’కి వాలు తోబుట్టువును గీయుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు. ఒకరికి యంత్రము తెలియును. ఒకరికి వత్తు ఎచట నిలుపవలెనో తెలియును.

మూడవది: ఫ్లెక్సీ దుకాణములవారు యూనికోడు అక్షరములకు మాఱవలయును. తెలుగునకు యూనికోడులో 1991లోనే స్థానము దొరకినది. పాత పద్ధతి ఫాంటులలో కొట్టిన మాటను మఱియొక యంత్రమునకు పంపినచో గజిబిజి యగును, వెదకినచో దొరకదు, చూపులేనివారికి చదివి వినిపించు యంత్రములకు అది తెలుగుగా తోచనే తోచదు. ఒకమాఱు కొట్టిన నోటీసు గోడపైనను, ఫోనులోను, అంధుని చెవిలోను ఒక్కటిగా పలుకవలయును.

నాలుగవది చదువుగదుల పని, అనగా మన పని. ఇంగ్లండువారి మైదానము మనకు లేకున్నను చదువుగది ముందర వీథి యున్నది. క్రొత్త ప్రకటన యొకటి ఊరిలో వెలసినప్పుడు ముప్పది యడుగుల దూరమున ముగ్గురు నిలిచి చదువుడు: ఒక వృద్ధుడు, ఒక బాలుడు, తెలుగు క్రొత్తగా నేర్చిన ఒక పొరుగువాడు. ముగ్గురును ఒకే మాట చదివినచో ఆ యక్షరము మంచిది. ఒక్కడు తడబడినను దానిని కట్టించినవారికి మర్యాదగా ఒక కార్డు వ్రాయుడు. కోపపడవలదు, ఏ యక్షరము ఎట్లు కనుపించెనో చెప్పిన చాలును. ఇట్టి కార్డులు ఏడాదికి ఇరువది పోయినచో ఊరి గోడలు మాఱును.

ఆ రైతు మొన్న మరల కనుపించెను. తన యర్జీ విచారణకు వచ్చినదని సంతోషముతో చెప్పి, నోటీసు కాగితమును నా చేతికిచ్చి, “ఇది ఏ తేదీయో మీరే చదివిపెట్టుడు బాబూ, ఈమాఱు నా కండ్లను నేను నమ్మను” అనెను. అతని కండ్లకు ఏ దోషమును లేదు. చదువ నేర్చిన మనుష్యునకు తన చదువుపై నమ్మకము పోగొట్టిన దోషము మన యక్షరములది. దానిని దిద్దుకొనుట మన చేతిలోనున్న పని. ఈ సంవత్సరముననే మొదలుపెట్టుదము.